నిన్న ఏం తిన్నారు?

బీన్స్ సన్నగా తరగాలి. కాస్త లావుగా ఉన్నా ఆయన ఏరి పక్కన పెట్టేస్తాడు. నూనె చెంచాతో కొలిచి పోయాలి, ఉప్పు తగ్గించాలి, తగ్గించినట్టు నాలుకకి తెలియకూడదు. ఆమె ఒక పొయ్యి మీద భర్తకి ఆ కూర చేస్తూ, ఇంకో పొయ్యి మీద అత్తగారికి అన్నం మెత్తగా ఉడికిస్తూ, మధ్య మధ్య కూతురి డబ్బాలోకి రొట్టెలు కాలుస్తోంది. ఇవాళ్టి నుంచి కొత్త ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ. ఇంటింటికీ తిరిగి షుగరు రాకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పే పని వాళ్ళది. వాళ్ళకి నేర్పే పని ఆమెది. పెందలాడే వెళ్ళి హాలు తాళం తీయించాలని ముందే చెప్పిపెట్టింది కూడా. అయినా భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, "నా వాకింగ్ బూట్లు ఏవీ?" అన్నాడు. ఎప్పుడూ ఉండేచోటే ఉన్నాయంది. "కాస్త తెచ్చిపెట్టకూడదూ? వంగితే కళ్ళు తిరుగుతున్నాయి నాకు. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు" అన్నాడు.

ఆ మాట ఆయన తిట్టుగా అనడు, మెచ్చుకోలుగానే అంటాడు. పెళ్ళయిన కొత్తలో జ్వరం నుంచి లేచి ఆ పూటే దుప్పట్లు ఉతికి ఆరేసినప్పుడు మొదటిసారి అన్నాడు. అప్పుడామె మురిసిపోయింది కూడా. మొగుడు తన ఒంటిని పట్టించుకుని ఒక మాట అన్నాడు కదా అనుకుంది. ఆ తర్వాతే తెలిసింది, అది ఒకసారి అని ఊరుకునే మాట కాదని. నడుము పట్టేసిందంటే గుండ్రాయి. కాన్పు అయి నెల తిరక్కుండానే బిందె ఎత్తితే గుండ్రాయి. రాయికి ఆకలేమిటి, అలుపేమిటి? రాయిని మూలన ఉంచితే పడి ఉంటుంది, నూరమంటే నూరుతుంది. ఆమె చేతులు తుడుచుకుని, బూట్లు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

ఆ ఇంట్లోకి షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. వచ్చిన రోజున చావు కబురు విన్నట్టు కూర్చున్నారంతా. ఆమె మాత్రం కొంగు బిగించింది. నలుగురికీ చెప్పే పని చేస్తూ సొంత మొగుణ్ణి కాపాడుకోలేనా అని పట్టుదల. ఆయన తిండి వేరు చేసింది, మాత్రల వేళలు గోడకి రాసి పెట్టింది, పొద్దున్నే లేపి నడకకి తరిమింది, ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందుల్లో పుండేమైనా పడిందేమోనని చూసింది, ఇప్పటికీ చూస్తూనే ఉంది. ఏడాది తిరిగేసరికి షుగరు దారికొచ్చింది. డాక్టరు ఆయన భుజం తట్టి, "మీ క్రమశిక్షణకి చెయ్యెత్తి మొక్కాలి సార్" అన్నాడు. ఆయన ఆ మొక్కు వినయంగా స్వీకరించాడు.

వేళకి తినాలని డాక్టరు అన్నాడు కాబట్టి అత్తగారు ఇంట్లో ఒక చట్టం చేసింది. కొడుకు కంచం ముందు కూర్చుంటే ఎవరూ ఆయన్ని కదపకూడదు. వీధి గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఫోను ఎవరు చేసినా, "వాడు తింటున్నాడు, ఆగమను" అంటుంది. ఆ మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు. ఒకసారి ఆమె పుట్టింటి నుంచి అన్నయ్య ఆయనకి ఫోను చేశాడు. "వాడు తింటున్నాడు, ఆగు" అని అత్తగారు పెట్టేసింది. వంటింట్లో నిలబడి ఆమె ఆ మాట విన్నది, ఫోను ఎవరిదో తెలియదు, వేడి రొట్టె తెచ్చి ఆయన కంచంలో వేసింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, తిరిగి ఫోను చేశాకే తెలిసింది, నాన్నని ఆసుపత్రిలో చేర్చారని. ఆమె వెళ్ళేసరికి నాన్నకి మాట పడిపోయింది. ఒక్క పావుగంటలో ఏం మారేదని తర్వాత అందరూ ఓదార్చారు. నిజమే, ఏమీ మారేది కాదేమో. కానీ ఆ వేడి రొట్టె ఆమెకి ఇప్పటికీ గుర్తొస్తుంది.

భోజనాల బల్లకి నాలుగు కుర్చీలు. ఒకటి ఆయనది, ఒకటి అత్తగారిది, ఒకటి కూతురిది. నాలుగోదాని మీద ఉతికి మడతపెట్టాల్సిన బట్టలుంటాయి. మడతపెట్టి తీసేస్తే సాయంత్రానికి మళ్ళీ వచ్చి చేరతాయి. ఆ కుర్చీ ఎవరిదని అడిగితే బట్టలదని చెప్పాల్సిందే.

శిక్షణ జరిగేది ఆరోగ్య కేంద్రం మేడ మీది గదిలో. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. కుర్చీల్లో సగానికి చేతులు ఊడాయి. అక్కడ మాత్రం ఆమె గుండ్రాయి కాదు, టీచరక్క. గోడకి తగిలించిన బొమ్మల చార్టులో లావుపాటి మగాయన ఒకడు సోఫాలో కూలబడి ఉంటాడు. తర్వాతి పేజీలో లేచి నడుస్తాడు, ఆ తర్వాత కూరగాయలు తింటాడు, చివరికి సన్నబడి నవ్వుతాడు. ప్రతి పేజీలోనూ ఆయన వెనకాల ఒకావిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆవిడ ఒళ్ళు తగ్గదు, పెరగదు.

డాక్టరుగారు వచ్చి శిక్షణ ప్రారంభించారు. "ఇంటిల్లిపాది ఆరోగ్యం ఇల్లాలి చేతుల్లో ఉంది. మీ గరిటెలో ఉంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మెట్లు దిగబోతూ ఆయన వెనక్కి తిరిగి, "టీచరమ్మా, కింద పెద్దాఫీసు నుంచి మనుషులొచ్చారు. మీ వాళ్ళలో ఎవరినైనా కాస్త టీ పెట్టమనండి" అన్నారు. కొత్తవాళ్ళ ముందు వాళ్ళ పని ఇదీ అని మొదటిరోజే తేలిపోవడం ఇష్టంలేక, ఆమె తనే దిగి వెళ్ళి టీ పెట్టి ఇచ్చి వచ్చింది.

తిరిగొచ్చి పాఠం మొదలుపెట్టింది. "ఏం తింటారు అని ఎవరినీ అడక్కండి. అలా అడిగితే ఏం తినాలో అది చెప్తారు, పచ్చికూరలూ పళ్ళూ అంటారు. నిన్న ఏం తిన్నారు అని అడగండి. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లోకి పోయింది ప్రతీదీ చెప్పించండి. కూర్చుని తిన్నారా, నిలబడి తిన్నారా అదీ అడగండి. షుగరు రాబోయేది వాళ్ళ నిన్నలో కనిపిస్తుంది" అంది. ఈ మాటలు ఆమె ఎన్ని జట్లకి చెప్పిందో. నోటికి వచ్చేసినవి.

చేసి చూపించడానికి ఒకరిని లేపింది. ఇదివరకు బడి వ్యానులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయాగా చేసిన మనిషి. పొద్దుటి నుంచీ ప్రతి మాటకీ చెయ్యెత్తి "ఒక సందేహమండీ" అంటూండడంతో, టీ వేళకల్లా మిగతావాళ్ళు ఆమెకి సందేహం అని పేరు పెట్టేశారు. ఆమె నవ్వేసి ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. "నువ్వు కార్యకర్తవి. నేను నువ్వు వెళ్ళిన ఇంటి మనిషిని. అడుగు" అంది టీచరక్క, చేతులున్న కుర్చీలో కూర్చుంటూ.

సందేహం గొంతు సవరించుకుంది. "నమస్కారమండీ. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నారో చెప్తారా?"

"లేవగానే చక్కెర లేని టీ" అని మొదలుపెట్టింది టీచరక్క. తడుముకోలేదు, పూస గుచ్చినట్టు చెప్పుకుపోయింది. "మాత్ర వేసుకుని నడకకి వెళ్ళాను. వచ్చి, గడ్డం గీసుకుని, రెండు రొట్టెలూ బీన్స్ కూరా..."

గది గొల్లుమంది. వెనక వరసలో ఒకామె కుర్చీ చెయ్యి పట్టుకోబోయి, చెయ్యి లేక పక్కామె మీద వాలింది. టీచరక్కకి అప్పటికి గానీ తను ఏమందో తెలియలేదు. తనూ నవ్వింది. నవ్వు ఆగాక సందేహం అలవాటుగా చెయ్యెత్తింది.

"ఒక సందేహమండీ. అది బావగారు తిన్నది కదా. మీరేం తిన్నారు?"

"నేనూ అదే."

"బీన్స్ కూరా?"

టీచరక్క అవునని తల ఊపబోయి ఆగింది. కూర ఒక్కరికి సరిపడానే చేస్తుంది. ఆయన గిన్నె ఊడ్చి తింటాడు, అది మంచిదేనని తనే నేర్పింది. మరి తను? నిన్న. నిన్నంటే ఎంతసేపటి కిందట? భర్త నిన్న రాత్రి కీరా ముక్కలు మిగిల్చాడని గుర్తుంది, అత్తగారు పెరుగు పుల్లగా ఉందన్నదీ గుర్తుంది, కూతురు రొట్టె అంచులు వదిలేసి లేచిపోవడమూ గుర్తుంది. అందరి కంచాలూ కళ్ళ ముందు ఉన్నాయి. తన కంచం ఎక్కడుందో వెతికింది. లేదు. తను కంచం పెట్టుకుని ఎన్నాళ్ళయిందో తెలియక ఆమెకి ఒక్కసారిగా భయం వేసింది.

సందేహం వెటకారం చేయడం లేదు. నేర్పినట్టే అడిగింది. "తొందరేం లేదండీ. నోట్లోకి పోయింది ఏదైనా సరే."

అప్పుడు టీచరక్క మెల్లగా, గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది. పొద్దున కూతురు వదిలేసిన రొట్టె ముక్క, జామ్‌తో సహా. పారేయడమెందుకని. అత్తగారి మెత్తటన్నం గిన్నె అడుగున అంటుకుంటే గోకి ఓ రెండు ముద్దలు, కడగడం తేలికవుతుందని. పనిలో పడి మధ్యాహ్నం భోజనం లేదు. దానికి బదులు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టీ, వద్దంటే నొచ్చుకుంటారని. రెండేసి చెంచాల చక్కెర వేసి ఇస్తారు. అది తాగుతూనే చక్కెర తగ్గించమని వాళ్ళకి చెప్పి వస్తుంది. సాయంత్రం మెత్తబడిపోయిన బిస్కెట్లు. రాత్రి మళ్ళీ మిగిలిన అన్నం, ఆయన వదిలిన కీరా ముక్కలు. అన్నీ నిలబడి. సింకు దగ్గర, పంపు తిప్పి ఉంచి. ఇందులో ఏ ఒక్కదాన్నీ ఆమె తిండి కింద జమ కట్టుకోలేదు ఇన్నాళ్ళూ. తినడమంటే వాళ్ళు చేసేది. తను చేసేది గిన్నెలు ఖాళీ చేయడం.

ఆమె కుర్చీలోంచి లేచింది. "ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరినొకరు అడగండి" అంది. కాసేపటికి గది నిండా అదే తప్పు వినిపించసాగింది. ఒకామె తన చిన్నాడు గుడ్డు తినకుండా ఎలా ఏడ్చాడో చెప్తోంది. ఇంకొకామె మొగుడి రాత్రి డ్యూటీ డబ్బా విప్పి చూపిస్తున్నట్టు చెప్తోంది. "అది కాదమ్మా, నువ్వు నువ్వు" అని అవతలామె పట్టుబడితే మాట ఆగిపోతోంది. మూలన ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరూ అడగలేదే నన్నెప్పుడూ. అందుకని గుర్తు పెట్టుకోలేదు" అంటోంది.

ఆ మధ్యాహ్నమే వేలికి సూది గుచ్చి రక్తం చూడడం నేర్పాలి. సూది అనేసరికి అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఎప్పటిలాగే టీచరక్క తన వేలు చాపింది. ఇంతకు ముందు జట్ల దగ్గర అలా చాపినప్పుడు వాళ్ళ చెయ్యి వణుకుతోందా, రక్తం సరిగ్గా అందిందా అని చూసేది తప్ప అంకె వంక చూసేది కాదు. అది పాఠం కోసం ఇచ్చిన వేలు కదా. ఇవాళ మాత్రం సందేహం అంకె చదివి, గోడ మీది అంకెల పట్టిక వంక చూసి, మళ్ళీ మిషను వంక చూసింది. "చేతికి టీ చక్కెర అంటిందేమో, కడుక్కుని రండి" అంది. కడుక్కుని వచ్చింది. అంకె పెద్దగా మారలేదు.

రెండు రోజుల తర్వాత ఖాళీ కడుపున తీసిన రక్తం రిపోర్టు చూసి డాక్టరుగారు, "ఇంకా రాలేదమ్మా. గడప దాకా వచ్చింది. ఇప్పుడు జాగ్రత్తపడితే వెనక్కి పంపేయొచ్చు. వేళకి తిండి, నడక, నిద్ర. మీకు నేను చెప్పేదేముంది, మీరే అందరికీ చెప్తారు" అన్నారు. ఆమె తల ఊపింది. మెట్లు దిగుతూ తన రోజంతా వెతుక్కుంది, ఆ మూడింటినీ ఎక్కడ పెట్టాలా అని.

ఆ సాయంత్రం ముగ్గురూ బల్ల దగ్గర చేరేదాకా ఆగి చెప్పింది. "నా రక్తం పరీక్ష వచ్చింది. షుగరు గడప దాకా వచ్చిందట."

కూతురు తలెత్తింది. భర్త మొహం పాలిపోయింది. అది చూసి ఆమెకి ఒక్క క్షణం ఊరటగా అనిపించిన మాట నిజం.

"వచ్చిందా, రాలేదా?" అన్నాడు.

"రాలేదు. ఇలాగే ఉంటే వస్తుంది."

"అంటే రాలేదుగా! హమ్మయ్య. హడలగొట్టేశావు." ఆయన రొట్టె తుంపాడు. "వచ్చినప్పుడు చూద్దాంలే. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు."

అత్తగారు మాత్రం ముద్ద కిందపెట్టేసింది. ఆవిడ గొంతులో బెంగ నిజమైనదే. "అమ్మో, ఇద్దరికీ వస్తే చూసేదెవరే తల్లీ?"

ఆమె రొట్టెల గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది. ఆయన రాయి లాంటి మనసున్నవాడు కాదు, అత్తగారు గయ్యాళి కాదు. అదే ఆమెని ఎక్కువ కుంగదీసింది. ప్రేమగానే ఉన్నారు, ప్రేమగానే ఆ మాటలు అన్నారు. ఈ ఇంట్లో మంచి తిండి తినాలంటే ముందు జబ్బు చేయాలి. బాగున్నంత కాలం మిగిలింది తినాలి. జబ్బు చేశాక కూడా ఆ జబ్బుకి వండిపెట్టేది, మాత్ర గుర్తుచేసేది, ఆ పాదాలు పట్టి చూసేది తనే. తన పాదాలు తను ఒళ్ళో పెట్టుకుని చూసుకోవాలి. రాకముందే కాపాడుకోండి, వచ్చాక ఏడవకండి అని ఎన్నిళ్ళ గడపల్లో చెప్పింది తను! వాళ్ళ ఇళ్ళలోనూ ఆడవాళ్ళు నవ్వేసి, లోపలికెళ్ళి మొగుళ్ళకి కూరగాయలు తరిగి ఉంటారు. "వచ్చినప్పుడు చూద్దాం" అన్న మాట ఆయన తన గురించి ఎప్పుడూ అనుకోలేదు. ఆయన పేరు మీద ఆ మాట ఎవరైనా అని ఉంటే తను వాళ్ళ మీదికి ఒంటికాలి మీద లేచేది. తన పేరు మీద అంటే రొట్టెలు పట్టుకుని నిలబడి వింటోంది. ఆమెకి కోపం వచ్చింది, ముందు తన మీద, ఆ తర్వాత కాస్త నెమ్మదిగా మిగతావాళ్ళ మీద.

గిన్నె బల్ల మీద పెట్టింది. నాలుగో కుర్చీ మీది బట్టలు రెండు చేతులా ఎత్తి సోఫాలో పడేసింది. మడతపెట్టినవి కొన్ని విడిపోయాయి. సరిచేయలేదు. వంటింట్లోంచి ఒక కంచం తెచ్చుకుని కూర్చుంది. ఆ కుర్చీలోంచి చూస్తే ఇల్లు కొత్తగా కనిపించింది. వంటింటి దీపం ఇక్కడికి ఇలా పడుతుందని ఆమెకి తెలియదు. ఒక రొట్టె వేసుకుని, భర్త ముందున్న గిన్నెలోంచి కూర సగం తీసుకుంది.

"అది నా కూర కదా?" అన్నాడాయన. కోపంగా కాదు, అర్థం కాక.

"మనిద్దరిదీ. రేపటి నుంచి ఎక్కువ చేద్దాం. పొద్దున మీరూ లేవండి, తరిగిపెడుదురు గాని."

"వంగితే నాకు కళ్ళు..."

"కూర్చునే తరగొచ్చు."

కూతురు కిసుక్కున నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆపుకుంది. తన కంచంలో వదిలేసిన రొట్టె అంచులు మెల్లగా తినడం మొదలుపెట్టింది. అత్తగారు కొడుకు వంకా కోడలి వంకా చూసి, కిందపెట్టిన ముద్ద మళ్ళీ తీసుకుంది. కూర వేడిగా ఉంది. బీన్స్ సన్నగా తరిగితే ఇంత బాగుంటుందా అనుకుంది ఆమె. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ మొహాల్లో చూసి తెలుసుకుంది ఆ రుచిని. ఉప్పు తగ్గింది, తెలుస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోలేదు, తినడం ఆపలేదు.

భర్త తినడం ముగించి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళాడు. అలమర తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు. "ఇదిగో, నా మాత్ర ఎక్కడ పెట్టావు?" అని కేకేశాడు. ఆమె కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆన్చింది. "నిన్నే! ఒకసారి ఇలా రా" అని మళ్ళీ కేక. అత్తగారు ఆమె వంక చూసింది, కూతురు చూసింది. ఆమె నోట్లో ముద్ద ఉంది. దాన్ని పూర్తిగా నమిలి, మింగి, అప్పుడు గది వైపు తిరిగింది.

"నేను తింటున్నాను, ఆగండి" అంది.